అమ్మమ్మ నోటుపుస్తకంలో ‘హోట్స్కే కొలాచి’: ఈ చెక్ పిండివంట సంగతి తెలిసినవారు చెప్పగలరా?

ప్రశ్న: ముగ్గుపిండి (మల్లేశ్వరం, బెంగళూరు)

అందరికీ నమస్కారం. మా అమ్మమ్మగారి వంటల నోటుపుస్తకంలో దిబ్బరొట్టెకూ సున్నుండలకూ మధ్య పేజీలో ‘హోట్స్కే కొలాచి’ అనే పిండివంట ఒకటి ఉంది. మా తాతగారు 1960లలో హైదరాబాదు దగ్గరి రామచంద్రాపురంలో, చెకోస్లొవేకియా సహకారంతో నెలకొల్పిన భారీ విద్యుత్ పరికరాల కర్మాగారంలో పనిచేశారు. ఆ టౌన్‌షిప్పులో కొంతకాలం మా వాళ్ళ పక్క క్వార్టర్సులో పిల్జెన్ నగరం నుంచి వచ్చిన ఒక ఇంజనీరు కుటుంబం ఉండేదట. ఆ ఇంటావిడకు తెలుగు రాదు, మా అమ్మమ్మకు ఇంగ్లీషు అంతంత మాత్రం, కాబట్టి ఒకరి చేతులు ఒకరు చూసి వంటలు నేర్చుకున్నారని మా అమ్మ చెబుతుంది. ఆవిడ కజ్జికాయలు నేర్చుకుని వెళ్ళింది, మా ఇంట్లో కొలాచి మిగిలింది. అమ్మ చిన్నతనంలో ప్రతి సంక్రాంతికీ అరిసెలతో పాటు ఇవి కూడా ఉండేవట. నేను మాత్రం ఒక్కసారి కూడా తినలేదు, ఎందుకంటే నేను పుట్టేనాటికి అమ్మమ్మ చేయడం మానేసింది.

నోటుపుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

“మైదా నాలుగు గ్లాసులు, సన్నరవ్వ ఒక గ్లాసు, వెన్న పెద్ద నిమ్మకాయలు మూడంత, గుడ్డులో పచ్చసొన రెండు, పంచదార ముప్పావు గ్లాసు, పాలు గోరువెచ్చన, ఈస్టు. నిమ్మతొక్క కోరి వేయవలెను. పొంగిన తరువాత చపాతీ కన్న మందంగా ఒత్తి, మూడు రంగుల పూర్ణాలతో ముగ్గు వేసినట్టు పెట్టవలెను. తెలుపు: విరిగిన పాలు. నలుపు: నువ్వులు, గసాలు. ఎరుపు: ఖర్జూరం, చింతపండు. వేడి మీదనే వెన్న రాయవలెను.”

ఇంతే. ఓవెను వేడి ఎంతో, ఎంతసేపు ఉంచాలో లేదు. ఇంటర్నెట్టులో వెతికితే అరచేతిలో పట్టే గుండ్రటి బన్నులు, నడిమధ్య గుంటలో జాము ఉన్నవి కనిపించాయి. అలాగే మూడుసార్లు చేశాను. మొదటిసారి పిండి పొంగనే లేదు. దగ్గరి దుకాణంలో కొన్న ఈస్టు పాతదని, పొట్లం మీద తేదీ చూసుకోకపోవడం నా పొరపాటని తరువాత తెలిసింది. రెండోసారి ఓవెనులో బన్ను అడుగు నుంచి ఉబ్బి, గుంటను పైకి తోసేసి, పూర్ణమంతా పక్కకు కారి ట్రేకు మాడి అంటుకుంది. మూడోసారి చూడడానికి బాగానే వచ్చాయి కానీ, మర్నాటికి గట్టిపడి టీలో ముంచితే తప్ప తినలేకపోయాము. పైగా అరచేతంత బన్ను మీద మూడు రంగుల ముగ్గు ఎలా పెట్టాలో నాకు అర్థం కాలేదు.

వచ్చే నెలలో మా అమ్మానాన్నల పెళ్ళయి యాభై ఏళ్ళు నిండుతున్నాయి. ఇంటికి వచ్చే నలభై మందికీ ఈ కొలాచి పెట్టాలని నా కోరిక. వారిలో సగం మంది గుడ్డు తినరు. ‘హోట్స్కే’ అనేది ఆ పక్కింటావిడ పేరని మా ఇంట్లో అందరూ అనుకుంటారు. అది నిజమేనా? విదేశీ తీపి వంటలో చింతపండు ఉండడం అమ్మమ్మ పొరపాటా? దయచేసి తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

జవాబు: బ్ర్నో బాటసారి (జయనగర్, బెంగళూరు)

నేను ఉద్యోగరీత్యా చెక్ రిపబ్లిక్‌లోని బ్ర్నో నగరంలో నాలుగేళ్ళు ఉన్నాను. మీ ప్రశ్న చదువుతూ ‘మూడు రంగుల ముగ్గు’ అన్న మాట దగ్గరకు వచ్చేసరికి సంగతి అర్థమై నవ్వు వచ్చింది. ‘హోట్స్కే’ పక్కింటావిడ పేరు కాదండి, ఒక ప్రాంతం పేరు. పిల్జెన్‌కు నైరుతి దిక్కున, జర్మనీలోని బవేరియా సరిహద్దు వెంబడి, దొమజ్లిత్సె అనే పట్టణం చుట్టూ ఉన్న పల్లెలను ‘ఖొద్‌స్కో’ అంటారు. పూర్వం రాజుల తరఫున ఆ సరిహద్దును కాపలా కాసిన ఖొద్ జాతివారి సీమ అది. అక్కడివారి కొలాచెను ‘ఖొద్‌స్కే కొలాచె’ అంటారు. చెక్ వారు ఆ మాటను గొంతులోంచి ‘ఖోట్స్కే’ అన్నట్టుగా పలుకుతారు కాబట్టి, మీ అమ్మమ్మగారు విన్నది విన్నట్టే రాశారు. పిల్జెన్ ఇంజనీరు భార్యకు ఆ వంట తెలిసి ఉండడంలో ఆశ్చర్యమేమీ లేదు, ఎందుకంటే రెండూ పక్కపక్క సీమలే.

మీరు చూసిన చిన్న బన్నులు కూడా కొలాచెలే, కాకపోతే అవి వేరే కొమ్మకు చెందినవి. ‘కొలో’ అంటే చెక్ భాషలో చక్రం. ఆ మాట నుంచి వచ్చిన ‘కొలాచ్’ అన్న పేరు గుండ్రంగా ఉండి పైన పూర్ణం పెట్టిన పొంగుపిండి వంటలన్నింటికీ వర్తిస్తుంది. పంతొమ్మిదో శతాబ్దంలో, చెక్ దేశపు తూర్పు భాగమైన మొరావియా సీమ నుంచి టెక్సాస్‌కు వలస వెళ్ళిన రైతు కుటుంబాలు తమతో తీసుకుపోయిన చిన్న కొలాచెలే నేడు ఇంటర్నెట్టు నిండా కనిపిస్తున్నాయి. అక్కడ వాటి లోపల సాసేజీ పెట్టి దాన్ని కూడా కొలాచె అనడం అలవాటైంది గానీ, ఆ సాసేజీ రొట్టెకు ‘క్లొబాస్నిక్’ అని వేరే పేరుంది, అది టెక్సాస్‌లోని వెస్ట్ అనే ఊరిలో పుట్టింది. (ఊరి పేరు వెస్ట్ అయినా అది టెక్సాస్ పడమట లేదు, మధ్యభాగంలో ఉంది.) మొరావియా తూర్పు కొండల్లో, వలాష్‌స్కో ప్రాంతంలో, పళ్ళెమంత వెడల్పు ఉండే మరో రకం ఉంది. దాన్ని ‘ఫ్ర్గాల్’ అంటారు. ఎండు బేరిపళ్ళ గుజ్జు పరచి, పైన వెన్న, మైదా, పంచదార నలిపిన పొడి చల్లి కాలుస్తారు. 2013లో ఐరోపా సమాఖ్య దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చింది.

ఖొద్‌స్కే కొలాచె కూడా పెద్దవే. జొన్నరొట్టెంత వెడల్పుగా, దానికంటే కాస్త మందంగా ఒత్తిన పిండి మీద ముందు తెల్లటి జున్ను లాంటి పూర్ణం పరుస్తారు. దాని మీద నల్లటి గసాల పూర్ణంతో, ముదురు ఎరుపు ప్లమ్ పండ్ల గుజ్జుతో వలయాలు, రేకులు, చుక్కలు, మెలికలు పెట్టి, సందుల్లో బాదంపప్పు, ఎండుద్రాక్ష గుచ్చుతారు. పెళ్ళిళ్ళకూ ఊరి జాతరలకూ వీటిని ప్రత్యేకంగా చేస్తారు. ఏటా ఆగస్టులో దొమజ్లిత్సెలో జరిగే ఖొద్ ఉత్సవానికి నేను ఒకసారి వెళ్ళినప్పుడు, ఒక పెద్దావిడ కాగితం పొట్లంలోంచి నల్ల పూర్ణాన్ని సన్నటి తీగలా వదులుతూ గీత తెగకుండా మెలిక తిప్పడం చూసి, మా ఊళ్ళో వాకిట్లో ముగ్గుపిండిని వేళ్ళ సందునుంచి వదలడమే గుర్తుకు వచ్చింది. మీ అమ్మమ్మగారు ‘ముగ్గు’ అని రాయడానికి కారణం అదే అయి ఉంటుంది.

ఇక పూర్ణాలు. మీ అమ్మమ్మగారు ఒక్క పొరపాటు కూడా చేయలేదు. ఆమె చేసినదంతా దొరకని వస్తువుకు దొరికే వస్తువును వెతకడమే.

ఎరుపు పూర్ణం అసలు పేరు ‘పొవిద్లా’. నీలిరంగు తొక్కతో కోలగా ఉండే ప్లమ్ పండ్లను శరదృతువులో పెద్ద రాగి గంగాళాల్లో వేసి, పంచదార వేయకుండా, రాత్రంతా వంతులవారీగా కలుపుతూ గంటల తరబడి మరిగిస్తారు. అది జాములాగా తియ్యగా ఉండదు, నల్లగా, చిక్కగా, పుల్లగా ఉంటుంది. ఖర్జూరంలో రంగూ చిక్కదనమూ ఉన్నాయి, పులుపు లేదు, కాబట్టి చింతపండు చేరింది. ఇంతకంటే తెలివైన ఉపాయం నాకు తోచడం లేదు. మీరు బెంగళూరులో ఉన్నారు కనుక రస్సెల్ మార్కెట్టులో ఎండు ప్లమ్ పండ్లు తెచ్చి, ఉడికించి మెదిపితే అసలుకు దగ్గరగా వస్తుంది. వేసవిలో వచ్చే ఎర్రటి తాజా ప్లమ్ పండ్లతో నేను ఒకసారి ప్రయత్నించాను. వాటిలో నీరు ఎక్కువ, రెండు గంటలు కలిపినా పులుసులాగే ఉండిపోయింది.

నలుపు సంగతి ఇంకా బాగుంది. చెక్ దేశంలో పండే గసగసాలు నీలి నలుపు రంగులో ఉంటాయి. ఆ పంటలో ప్రపంచంలోని పెద్ద దేశాల్లో అది ఒకటి. మన గసగసాలు తెల్లనివి కాబట్టి వాటితో ముగ్గు వేస్తే తెలుపు మీద తెలుపే అవుతుంది. అందుకే ఆమె నల్ల నువ్వులు కలిపారు. తెలుపు పూర్ణానికి అక్కడివారు వాడేది ‘త్వరోహ్’ అనే తాజా జున్ను. విరిగిన పాలే దానికి మన ఇంట్లో సమానం.

సన్నరవ్వ కూడా ఊరికే వేసింది కాదు. చెక్ దుకాణాల్లో గోధుమపిండి మెత్తనిది, సగం ముతకది, ముతకది అని మూడు రకాలుగా అమ్ముతారు, కొలాచెకు సగం ముతక పిండిని ఇష్టపడతారు. మన మైదాకు పావువంతు రవ్వ కలిపితే ఆ గుణం వస్తుంది. బెంగళూరులో చిరోటి రవ్వ అని అమ్మేది ఇందుకు సరిగ్గా సరిపోతుంది.

జవాబు: పెరంబూరు వంటిల్లు (చెన్నై)

పై జవాబుతో వంట ఏమిటో తేలింది కాబట్టి నేను పిండి సంగతే రాస్తాను. నేను కొలాచె చేయలేదు గానీ, ఇరవై ఏళ్ళుగా చెన్నై ఎండలో ఈస్టు పిండితో కుస్తీ పడుతున్నాను.

మర్నాటికి గట్టిపడడానికి సాధారణంగా మూడు కారణాలుంటాయి. పిండి చేతికి అంటుకుంటోందని కలిపేటప్పుడు పైపైన మైదా చల్లుకుంటూ పోవడం, తక్కువ వేడిమీద ఎక్కువసేపు కాల్చడం, కాల్చిన తరువాత గాలికి వదిలేయడం. వెన్న, పంచదార, పచ్చసొన ఉన్న పిండి మొదటి పది నిమిషాలు జిగటగానే ఉంటుంది. ఆ సమయంలో మైదా కలపకుండా ఓర్చుకుని, పీటకేసి సాగదీస్తూ మడుస్తూ పిసికితే అదే నునుపుగా మారి చేతిని వదులుతుంది. వెన్నను మొదటే వేయకుండా, పిండి ఒక దారికి వచ్చాక కొంచెం కొంచెంగా కలపండి.

మీ అమ్మమ్మగారి గ్లాసులను నేను గ్రాములలోకి ఇలా మార్చుకున్నాను. మైదా 375 గ్రాములు, చిరోటి రవ్వ 125 గ్రాములు, పాలు 250 మిల్లీలీటర్లు, వెన్న 100 గ్రాములు, పంచదార 80 గ్రాములు, పచ్చసొనలు రెండు, ఉప్పు ఒక చిన్న చెంచా, ఇన్‌స్టంట్ ఈస్టు 7 గ్రాములు. నోటుపుస్తకంలో ఉప్పు లేదని మానేయవద్దు. ఆ తరం వాళ్ళు ఉప్పు వేయడం రాయరు, అది చెప్పాల్సిన పని అనుకోరు. రవ్వను గోరువెచ్చని పాలలో పావుగంట నానబెట్టి ఆ తరువాత మైదా కలపాలి, లేకపోతే అది పిండిలోని తడిని తరువాత పీల్చుకుంటుంది. మీ మూడో ప్రయత్నం గట్టిపడడానికి ఇది కూడా కారణమేమోనని నా అనుమానం.

ఈ లెక్కకు సుమారు 980 గ్రాముల పిండి వస్తుంది. దాన్ని మూడు ముద్దలు చేసి, ఒక్కొక్కటి 28 సెంటీమీటర్ల వెడల్పు వరకు ఒత్తితే అర సెంటీమీటరు మందం ఉంటుంది. ఒక్కొక్కదాన్ని ఎనిమిది ముక్కలు కోయవచ్చు. నలభై మందికి రెండు వాయిలు, అంటే ఆరు కొలాచెలు చేస్తే నలభై ఎనిమిది ముక్కలు అవుతాయి. మూడు గుడ్డుతో, మూడు గుడ్డు లేకుండా చేయండి, ఎవరికీ లోటు రాదు.

పొంగడానికి గడియారాన్ని నమ్మవద్దు. మా వంటింట్లో మే నెలలో 33 డిగ్రీలు ఉంటుంది, నలభై నిమిషాల్లో పిండి రెట్టింపై, ఏమరుపాటున ఉంటే పులిసిన వాసన కూడా వచ్చేస్తుంది. బెంగళూరు చలికాలంలో అదే పిండికి రెండు గంటలు పట్టవచ్చు. నేను ఈస్టును సగానికి తగ్గించి, రాత్రి పిండి కలిపి ఫ్రిజ్‌లో పెట్టి, తెల్లవారి ఒత్తుకుంటాను. చల్లటి పిండి మీద వెన్న కారదు, అంచు చక్కగా నిలబడుతుంది.

బన్ను ఉబ్బి పూర్ణాన్ని తోసేయడం గురించి ఒక్క మాట. ఒత్తిన తరువాత అంచు వేలెడంత వదిలి లోపలి భాగమంతా ఫోర్కుతో గుచ్చండి. గాలి పోయే దారి లేకనే అది ఉబ్బింది.

జవాబు: బేకరీ వారసుడు (బసవనగుడి, బెంగళూరు)

మా తాతగారి కాలం నుంచి మాకు చిన్న బేకరీ ఉంది. దిల్‌పసంద్‌లో కొబ్బరి పూర్ణం పెట్టడం చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి, పూర్ణం గురించి నాకు కొన్ని పట్టింపులున్నాయి.

ఓవెనులోకి వెళ్ళే పూర్ణం చల్లగా ఉండాలి, గట్టిగా ఉండాలి. చెంచాతో తీసి తలకిందులు చేస్తే జారిపడకూడదు. ఖర్జూరం చింతపండు పూర్ణాన్ని గరిటెతో గీస్తే బాణలి అడుగు కనిపించి, ఆ గీత రెండు క్షణాలు పూడకుండా ఉండాలి. పాల విరుగుడును గుడ్డలో కట్టి గంటసేపు వేలాడదీసి, పీట మీద అరచేతి మడమతో రుద్దాలి. రసగుల్లాకు రుద్దినట్టు అన్నమాట. పలుకు తగలకుండా వెన్నలా అయ్యాక పంచదార, నిమ్మతొక్క కోరు కలపాలి. పైన ఒకరు దాన్ని త్వరోహ్‌కు సమానమన్నారు. నాకు కొంత అభ్యంతరం ఉంది. నిమ్మరసంతో విరిచిన పాలు చప్పగా ఉంటాయి, ఆ జున్నులో మెల్లని పులుపు ఉంటుందని విన్నాను. కాబట్టి పెరుగుతో విరవండి, లేదా రుద్దిన విరుగుడులో వడకట్టిన గట్టి పెరుగు రెండు పెద్ద చెంచాలు కలపండి. వట్టి పెరుగునే వాడితే మాత్రం ఓవెనులో నీరు వదిలి పిండిని ముద్ద చేస్తుంది.

గుడ్డు లేకుండా చేయడం కష్టం కాదు. రెండు పచ్చసొనల బదులు పాలపొడి రెండు పెద్ద చెంచాలు, అదనంగా వెన్న 20 గ్రాములు, పాలు రెండు చెంచాలు వేయండి. రంగు కొంచెం తగ్గుతుంది, మెత్తదనం తగ్గదు. అంచుకు సొన బదులు చిక్కటి పాలు రాయండి. గుడ్డు తిననివారి వాయి ముందు కాల్చి, ఆ తరువాతే రెండోది మొదలుపెట్టండి. బ్రష్షు కూడా వేరుగా ఉంచండి. ఇది వంట విషయం కాదు, వచ్చేవారి నమ్మకం విషయం.

ఇంటి ఓవెనులో 190 డిగ్రీల సెల్సియస్ వేడి వచ్చాక, కింది అరలో పెట్టి, 18 నుంచి 20 నిమిషాలు కాల్చండి. మీ అమ్మమ్మగారి దగ్గర బహుశా గాజు మూత ఉన్న గుండ్రటి అల్యూమినియం ఓవెను ఉండి ఉంటుంది. ఆ రోజుల్లో చాలా ఇళ్ళలో అదే ఉండేది, దానికి డిగ్రీల లెక్క ఉండేది కాదు, అందుకే రాయలేదు. అడుగు ఎత్తి చూస్తే బొబ్బట్టు రంగు రావాలి. తీసిన వెంటనే అంచులకు కరిగించిన వెన్న రాసి, పది నిమిషాల తరువాత, ఇంకా గోరువెచ్చగా ఉండగానే పలుచటి గుడ్డ కప్పండి. ఆవిరి బయటికి పోకుండా అంచు మెత్తబడుతుంది.

ముగ్గు వేయడానికి ఖరీదైన కోనులు కొనవద్దు. శుభ్రంగా కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్టు మూల కత్తిరిస్తే చాలు. గోరింటాకు కోను పట్టడం వచ్చినవారికి ఇది ఒక లెక్క కాదు.

ప్రశ్న అడిగినవారు: ముగ్గుపిండి (మల్లేశ్వరం)

మీ ముగ్గురికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ‘హోట్స్కే’ ఒక సీమ పేరని అమ్మకు చెప్పగానే, “యాభై ఏళ్ళుగా ఆవిణ్ణి హోట్స్కే ఆంటీ అని చెప్పుకుంటున్నామే” అని చాలాసేపు నవ్వింది. ఆవిడ అసలు పేరు ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.

నిన్న ఒక కొలాచె చేసి చూశాను. రవ్వ నానబెట్టడం, ఫోర్కుతో గుచ్చడం, రెండూ పనిచేశాయి. పిండి ఉబ్బలేదు, ఈ ఉదయానికి కూడా మెత్తగానే ఉంది. తెలుపు మీద నలుపుతో ఆరు రేకుల పువ్వు, మధ్యలో ఎర్రచుక్క, చుట్టూ మెలికల ముగ్గు వేశాను. సగం వరకు ముగ్గు బాగా సాగింది. తరువాత ప్యాకెట్టు మూలకు ఒక నువ్వుగింజ పొట్టు అడ్డుపడి, గట్టిగా నొక్కేసరికి నల్ల పూర్ణం ఒక్కసారిగా ముద్దగా పడి, పువ్వుకు ఒక రేకు కాకరకాయంత అయింది.

రెండు సమస్యలు మిగిలాయి. నల్ల పూర్ణం చేదుగా ఉంది. నేను నువ్వులను సున్నుండలకు వేయించినట్టే దోరగా వేయించాను. రెండోది, ముగ్గులోని నలుపు కాలిన తరువాత బీటలు వారింది. పూర్ణంలో నీరు తక్కువైందా?

జవాబు: బ్ర్నో బాటసారి (జయనగర్)

నల్ల నువ్వులు నలుపు రంగువి కాబట్టి వేగింది లేనిది కంటికి తెలియదు, మీరు అనుకున్నదానికంటే ముందే మాడిపోతాయి, తరువాత ఓవెనులో మరోసారి వేడి తగులుతుంది. మీ అమ్మమ్మగారు ‘వేయించి’ అని రాయలేదు చూడండి. అక్కడివారు గసగసాలను కూడా వేయించరు, పచ్చివే ప్రత్యేకమైన చిన్న మరలో పొడి చేసి పాలు, పంచదారతో ఉడికిస్తారు. మీరు పచ్చి నువ్వులు మూడు వంతులు, గసగసాలు ఒక వంతు తీసుకుని, కాసేపు ఫ్రిజ్‌లో ఉంచి, మిక్సీని ఆపి ఆపి తిప్పండి. ఒకే ఊపున తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది. మనం కూరకు నూరినట్టు నీళ్ళు పోసి నూరకూడదు. ఆ పొడి 200 గ్రాములకు పాలు 200 మిల్లీలీటర్లు, పంచదార 80 గ్రాములు, చిటికెడు దాల్చినచెక్క పొడి వేసి దగ్గరపడే వరకు ఉడికించండి. దించాక ఒక చెంచా వెన్న వేస్తే బీటలు వారదు. పొట్టు అడ్డుపడకుండా ఉండాలంటే పొడిని ముందే జల్లించుకోండి.

మరొక సంగతి కూడా చెప్పాలి. చెక్ పల్లెల్లో పెళ్ళికి ముందు అరచేతికంటే చిన్న కొలాచెలు చేసి, పొట్లాలు కట్టి, చుట్టాలకూ ఇరుగుపొరుగుకూ పంచుతారు. పెళ్ళిపిలుపుతో పాటు మనం మిఠాయి ఇచ్చినట్టే. మీది యాభయ్యో పెళ్ళిరోజు కాబట్టి మిగిలిన పిండితో కొన్ని చిన్నవి చేసి, వెళ్ళేవారికి ఇవ్వవచ్చు. అప్పుడు మీరు ఇంటర్నెట్టులో చూసిన బన్నులకు కూడా ఒక పని దొరుకుతుంది.

జవాబు: పెరంబూరు వంటిల్లు (చెన్నై)

నలభై మందికి ఒకే రోజున అన్నీ చేయాలని పెట్టుకోవద్దు. ఎరుపు పూర్ణం వారం ముందే చేసి ఫ్రిజ్‌లో ఉంచవచ్చు, చింతపండు ఉంది కాబట్టి చెడిపోదు. నలుపు రెండు రోజుల ముందు, తెలుపు ముందురోజు సాయంత్రం చేసుకుంటే సరిపోతుంది. పిండి ముందురాత్రి కలిపి ఫ్రిజ్‌లో ఉంచితే, తెల్లవారి మీకు ఒత్తడమూ ముగ్గూ మాత్రమే మిగులుతాయి. ఓవెనులో ఒకసారికి ఒకటే పడుతుంది కనుక ఆరింటికి రెండున్నర గంటలు లెక్క వేసుకోండి. వంతు రాని ముద్దలను ఫ్రిజ్‌లోనే ఉంచి, ఒక్కొక్కటే బయటికి తీయండి.

ప్రశ్న అడిగినవారు: ముగ్గుపిండి (మల్లేశ్వరం)

ఈ మధ్యాహ్నం వేయించని నువ్వులతో రెండో కొలాచె చేశాను. చేదు లేదు, బీటలూ లేవు. ఎరుపు మాత్రం రెండు రకాలుగా పెట్టాను, సగం ఎండు ప్లమ్ పండ్లతో, సగం అమ్మమ్మ చెప్పినట్టు ఖర్జూరం చింతపండుతో. ఏది ఏదో చెప్పకుండా అమ్మ ముందు పళ్ళెం పెట్టాను. ప్లమ్ ముక్క తిని, “బాగుంది, కానీ ఇది బేకరీ సరుకులాగా ఉంది” అన్నది (బసవనగుడి వారు మన్నించాలి). రెండో ముక్క కొరికి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, “ఇదే. కాకపోతే అమ్మ చింతపండు ఇంకాస్త వేసేది” అన్నది.

నిమ్మకాయంత చింతపండు ఇప్పుడే మళ్ళీ నానబెట్టాను.